తిరగాలి... ఊగకూడదు!

అప్పడాల కర్ర, బొంగరం, కుంకుమ భరిణె, మంచం కోళ్ళు, చదరంగంలో బంటు... వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. అడ్డంగా ఎక్కడ కోసి చూసినా గుండ్రమే! ఎందుకంటే అవన్నీ ఒకే మిషను మీద పుట్టినవి. దాని పేరు లేత్. పూర్వం మనవాళ్ళు 'తరిమెన' అన్నదీ దీన్నే. (చదరంగంలో గుర్రం మాత్రం ఆ మిషనుకు లొంగదు. దాని పీట వరకే లేత్ పని. మూతి, జూలు చేత్తో చెక్కాల్సిందే.)

ఒకప్పుడు లేత్ అంటే వడ్రంగి షెడ్డులో మూల నుంచి మూలకు పరుచుకుని, పట్టా చప్పుడుతో వీధంతా దద్దరిల్లించే యంత్రం. ఇప్పుడు భోజనాల బల్ల మీద పట్టేంత చిన్నవి వచ్చాయి. రిటైరయ్యాక చేతులు ఖాళీగా ఉంచుకోలేని పెద్దాయన దగ్గర్నుంచి, ఎవరి షెడ్డులోనో కూలికి బొమ్మలు తిప్పే పనివాడి దాకా అందరి కన్నూ దానిమీదే. పెద్దాయన తప్పు మిషను కొంటే పోయేదేం లేదు. దానిమీద దుప్పటి కప్పి మూలన పెడతాడు. పనివాడు తప్పు మిషను కొంటే మాత్రం అప్పు మిగులుతుంది, కూలి పనే మళ్ళీ దిక్కవుతుంది. కాబట్టి ఈ ఎంపిక ఎలాగో కాస్త వివరంగా చూడాల్సిందే.

లక్కపిడతల ఊరు చెప్పే లెక్క

చిన్న లేత్ గురించి మాట్లాడుకోవాలంటే ముందు ఏటికొప్పాక వెళ్ళాలి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉందా ఊరు. విశాఖపట్నం నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు. అమ్మమ్మల కాలంలో ఆడపిల్లలు బొమ్మరిల్లు పెట్టుకుని వంట చేసిన లక్కపిడతలు ఇక్కడివే. చాలామంది ఏటికొప్పాకనూ కొండపల్లినీ ఒకే గాటన కట్టేస్తారు గానీ రెంటికీ పొంతన లేదు. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చెక్కి, అతికి, రంగులేస్తారు. అక్కడ ఉలిదే రాజ్యం. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రతో లేత్ మీద తిరిగి తయారవుతుంది.

అంకుడు తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది. ఉలి పెడితే వెన్నలా తెగుతుంది. అసలు విశేషం తర్వాత ఉంది. బొమ్మ రూపం వచ్చాక దాన్ని మిషను మీంచి తీయరు. అలాగే తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో అద్దుతూ పోతే అద్దంలాంటి నునుపు వస్తుంది. కుంచె లేదు, ఆరబెట్టడం లేదు. బొమ్మకు రూపమూ రంగూ రెండూ ఇచ్చేది ఆ తిరుగుడే!

మోటార్లు రాకముందు ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు తాడు లాగాలి, మరొకరు ఉలి పట్టాలి. తాడు ఇటు లాగితే కర్ర ఇటు, అటు లాగితే అటు తిరుగుతుంది. ఉలి తెగేది ఒకవైపు తిరిగినప్పుడే. అంటే లాగేవాడి కష్టంలో సగం గాలికి పోయినట్టే. మోటారు వచ్చాక రెండో మనిషి అక్కర్లేకపోయింది. ఒకవైపే ఆగకుండా తిరగడంతో పని వేగమూ పెరిగింది.

1990ల్లో ఇదే ఊరికి చెందిన సి.వి.రాజు రసాయన రంగులు వదిలేసి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటితో లక్కకు రంగు పట్టించే పద్ధతిని మళ్ళీ బతికించారు. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు మరి! 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుకు పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర వేడుకల్లో ఢిల్లీ రాజపథాన (ఇప్పటి పేరు కర్తవ్యపథ్) ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే.

పేరు బాగానే ఉంది. పూట గడవడం సంగతేమిటి? అడవిలో అంకుడు కర్ర దొరకడం కష్టమవుతోంది. అచ్యుతాపురం సెజ్‌లాంటివి దగ్గర్లోనే ఉన్నాయి. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఉద్యోగం కళ్ళెదురుగా కనిపిస్తుంటే కుర్రాళ్ళు ఉలి పట్టుకుని కూర్చోమంటే ఎందుకు కూర్చుంటారు? సొంత మిషను ఉంటే ఇంట్లో వీలున్న గంటల్లో పని చేసుకోవచ్చు, తిప్పిన సరుకు తానే అమ్ముకోవచ్చు. చిన్న లేత్ మీద ఆశ పుట్టేది అక్కడే.

ఏం చేస్తావన్నదే మొదటి ప్రశ్న

మిషను చూడబోయే ముందు ఏం చేయాలనుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకోవాలి. లక్కపిడతలు, భరిణెలు, బొంగరాలు, గాజులు అయితే మూడు నాలుగు అంగుళాల పని. అప్పడాల కర్ర అయితే పొడవు కావాలి. మంచం కోళ్ళు చేయాలంటే మాత్రం బల్లమీది మిషను ఆశ వదులుకోవడం మంచిది.

ఏ లేత్‌కైనా రెండు కొలతలు ముఖ్యం. ఒకటి, ఎంత లావు వస్తువు తిరుగుతుందన్నది. దీన్ని స్వింగ్ అంటారు. రెండోది, రెండు మొనల మధ్య ఎంత పొడవు పడుతుందన్నది. చిన్న మిషన్లలో 8 అంగుళాల స్వింగ్, 12 అంగుళాల పొడవు ఉన్నవి ఒక రకం. 10 అంగుళాల స్వింగ్, 15 నుంచి 18 అంగుళాల పొడవు ఉన్నవి మరో రకం.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మన దగ్గర లేత్‌లు అమ్మేవాళ్ళలో కొందరు స్వింగ్ చెప్పరు, మొన ఎత్తు చెబుతారు. అంటే వ్యాసం బదులు వ్యాసార్ధం. ఒకరు '10' అన్నా, పక్క కొట్టువాడు '5' అన్నా రెండూ ఒకే మిషను కావచ్చు! ఏ కొలతో అడిగి తెలుసుకోకుండా ధరలు పోల్చుకుంటే లాభం లేదు. పొడవులోనూ అంతే. కర్రను పట్టే చక్, వెనకవైపు పెట్టే డ్రిల్లు... ఇవి కూర్చున్నాక చెప్పిన పొడవులో కొన్ని అంగుళాలు హరించుకుపోతాయి. 12 అంగుళాల మిషను మీద 12 అంగుళాల భరిణె తొలవడం కుదరదు. స్వింగ్ కూడా ఉలి ఆనించే దిమ్మ ఉన్నచోట తగ్గుతుంది.

తేలిక అనే మాట

'పోర్టబుల్' అన్న మాటకు చాలామంది పడిపోతారు. చేత్తో పట్టుకుని బస్సెక్కేయొచ్చు అనుకుంటారు. కానీ లేత్‌కు బరువే బలం. సరిగా గుండ్రం కాని కర్ర నిమిషానికి వెయ్యిసార్లు తిరుగుతుంటే అది మిషను మొత్తాన్నీ కుదిపేస్తుంది. బరువైన పోత ఇనుము ఆ కుదుపును మింగేస్తుంది. రేకుతోనో సన్నటి అల్యూమినియం గొట్టాలతోనో చేసినది దాంతోపాటే గెంతుతుంది. ఉలి అదిరితే నునుపు రాదు. లక్క సమంగా పట్టదు.

8 అంగుళాల పోత ఇనుప మిషను ఇంచుమించు 20 కిలోలు ఉంటుంది. 10 అంగుళాల రకాలు చాలావరకు 30 నుంచి 45 కిలోలు. అంటే చిన్నదాన్ని ఒక మనిషి ఎత్తగలడు, రెండోదానికి ఇద్దరు కావాలి. ఇంట్లో ఒకచోటే ఉంచుకునేవాళ్ళు తేలిక మిషను వెంట పడటం అనవసరం. నెలకోసారి జరపాల్సి వస్తే పక్కింటివాళ్ళను సాయం పిలవడం నయం. మరీ తేలికది ఇప్పటికే కొనేసినవాళ్ళు దాన్ని మందపాటి చెక్కకు బోల్టులతో బిగించి, బల్ల కింది అరలో ఇసుక బస్తా పెడితే కొంత కుదురుతుంది.

మరీ బుల్లివి కూడా ఉన్నాయి. అరచేతి పొడవు డీసీ మోటారుతో నడిచే పూసల మిషన్లు, ఇంట్లో ఉన్న డ్రిల్లింగ్ మిషనునే బిగించుకుని లేత్‌లా వాడుకునే చట్రాలు. చెక్క పూసలు, ఉంగరాలు చేయడానికి మొదటి రకం పనికొస్తుంది. దానిమీద లక్క కడ్డీ గట్టిగా అదిమితే మాత్రం మోటారు మూలిగి ఆగిపోతుంది. రెండోదాంతో చిక్కేమిటంటే, డ్రిల్లు ముందుకు నెట్టడానికి చేసిన వస్తువు. పక్కనుంచి వచ్చే ఒత్తిడికీ, గంటల తరబడి ఆగకుండా తిరగడానికీ దాని బేరింగులు చేసినవి కావు. పిల్లాడికి ఒక బొంగరం చేసిపెట్టి సంతోషపడటానికైతే సరే.

అమెరికా నుంచి తెస్తానన్న బావగారు

మోటారు దగ్గర హార్స్‌పవర్ ఎంతన్నదే అందరూ అడుగుతారు. 10 అంగుళాల మిషనుకు అర హార్స్‌పవర్ అంటే దాదాపు 370 వాట్లు. బొమ్మలకు, భరిణెలకు చాలు. అంతకంటే ముఖ్యమైనది వేగం ఎలా మారుతుందన్నది. దీనికి పనివాళ్ళ లెక్క ఒకటుంది. కర్ర వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలి. 2 అంగుళాల కర్రకు 3,000 నుంచి 4,500 చుట్లు. 6 అంగుళాల గిన్నెకైతే 1,000 నుంచి 1,500 దాటకూడదు. ఇంకా గుండ్రం కాని ముడి దిమ్మకు ఈ లెక్క పనికిరాదు. అన్నిటికంటే తక్కువ వేగంతో మొదలుపెట్టాల్సిందే. అందుకే ఎక్కువలో ఎంత అనే ప్రశ్న కంటే తక్కువలో ఎంత అనే ప్రశ్న ముందు రావాలి. 500 చుట్లకో అంతకంటే కిందికో దిగని మిషను మీద పెద్ద గిన్నెలు పెట్టుకోకూడదు.

బొత్తాం తిప్పితే వేగం మారేవి సుఖంగా ఉంటాయి. కానీ వేగం తగ్గించినకొద్దీ వాటిలో కొన్నిటి సత్తువా తగ్గుతుంది. బెల్టును ఒక కప్పీ నుంచి మరో కప్పీకి మార్చుకునేవాటికి కాస్త ఓపిక కావాలి గానీ సత్తువ పోదు. బొత్తామూ బెల్టూ రెండూ ఉన్నది దొరికితే ఆలోచించక్కర్లేదు.

ఇక తెలుగిళ్ళలో తప్పకుండా వచ్చే మాట, 'బావగారు అమెరికా నుంచి వస్తున్నారు, ఒకటి తెమ్మందామా?' అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి తగ్గుతుంది కానీ హెర్ట్జ్ మారదు. మామూలు ఇండక్షన్ మోటారు వేగం ఆ హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది. అక్కడ నిమిషానికి 1,725 చుట్లు తిరిగేది ఇక్కడ 1,440 దగ్గర ఆగుతుంది, పైగా ఎక్కువ వేడెక్కుతుంది. 40 కిలోల ఇనుమును విమానంలో మోసుకొచ్చాక తెలుసుకునే సంగతి కాదిది. బావగారితో తెప్పించుకోవాలంటే మంచి ఉలులు తెప్పించుకోవచ్చు. వాటికి కరెంటుతో పనిలేదు.

పల్లెల్లో వాడేవాళ్ళు స్విచ్ కూడా చూసుకోవాలి. పని మధ్యలో కరెంటు పోతుంది. మళ్ళీ వచ్చినప్పుడు మామూలు స్విచ్ ఉన్న మిషను దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. అప్పటికి చెయ్యి చక్ మీద ఉంటే? కరెంటు వచ్చినా పచ్చ బొత్తాం మళ్ళీ నొక్కితే గానీ కదలని స్విచ్‌లు ఉంటాయి. నో-వోల్ట్ స్విచ్ అని అడగాలి. మిషనుతో రాకపోతే ఎలక్ట్రీషియన్‌తో విడిగా పెట్టించుకోవచ్చు.

కొట్లో రూపాయి బిళ్ళ

బొమ్మ చూసి కొనే వస్తువు కాదిది. వీలైతే కొట్టుకు వెళ్ళి, తిప్పి చూడాలి. వెనకవైపు మొనను ముందుకు జరిపి ముందువైపు మొనకు తాకించండి. రెండు మొనలూ ఎదురెదురుగా ముద్దు పెట్టుకున్నట్టు కలవాలి. వెంట్రుకవాసి తేడా ఉంటే డ్రిల్లు వంకరగా దిగుతుంది. కుదురును చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ కదిపి చూడండి. కటకటలాడితే బేరింగులు బాగోలేనట్టు. ఉలి ఆనించే దిమ్మను బిగించి, పై నుంచి బలంగా నొక్కండి. జారితే వద్దు. చివరగా మిషను నడుస్తుండగా పైన రూపాయి బిళ్ళను అంచుమీద నిలబెట్టండి. అది నిలబడితే మీ అదృష్టం పండినట్టే.

కుదురు మర కూడా అడగాల్సిందే. 1 అంగుళం 8 పళ్ళు, లేదా ఎం33 అనేవి అందరూ వాడే కొలతలు. వాటికి చక్‌లు ఎక్కడైనా దొరుకుతాయి. తనకంటూ ఏదో వింత మర ఉన్న మిషను కొంటే ఆ కంపెనీ ఉన్నన్నాళ్ళే చక్. లోపలి గుల్ల ఎంటీ2 అయితే మేలు. ఎంటీ1 ఉన్నవి కాస్త బలహీనం, విడిభాగాలూ తక్కువ.

డబ్బంతా మిషనుకే పోసేయకూడదు. ఉలులు, చక్, సానరాయి మిషను, ముఖానికి అద్దం... ఇవన్నీ కలిపితే ఒక్కోసారి మిషనంత ఖర్చవుతుంది. ఉలులు హైస్పీడ్ స్టీలువి కావాలి. మామూలు ఉక్కు ఉలిని గ్రైండర్ మీద కాస్త ఎక్కువసేపు ఉంచితే నీలం తిరిగి పదును పోగొట్టుకుంటుంది. మొద్దు ఉలితో ఎంత మంచి మిషనూ ఏమీ చేయలేదు. దోనెలా వంపు తిరిగిన ఉలి ఒకటి, ఏటవాలు ఉలి ఒకటి, ముక్క తెంపే సన్న ఉలి ఒకటి. మొదటి ఏడాదికి ఈ మూడూ చాలు. పన్నెండు ఉలుల పెట్టె అందంగానే ఉంటుంది, అందులో తొమ్మిది తుప్పు పడతాయి.

కొంగు, జడ, తాయెత్తు

లేత్ ఇంటికి వస్తోందంటే ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది. తిరిగే కుదురుకు గుడ్డ అందితే వదలదు. చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా చేతులు, జడ, చేతికి కట్టిన కంకణం, తాయెత్తు, గాజులు... ఏదైనా చాలు, క్షణంలో మనిషిని లాక్కుంటుంది. చేతికి దెబ్బ తగలకుండా గ్లౌజులు తొడుక్కోవడం మంచిదేగా అనుకుంటారు. లేత్ దగ్గర అదే పెద్ద ప్రమాదం! గుడ్డ గ్లౌజు వేలితో సహా చుట్టుకుపోతుంది. జడ ముడి వేసి, కొంగు దోపి, చేతులు మడిచి కూర్చోవాలి. స్విచ్ వేసే ముందు కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూడాలి, వేగం బొత్తాం కింద ఉందో లేదో చూడాలి. వేసేటప్పుడు కర్రకు సూటిగా ఎదురుగా ఉండకూడదు. పగుళ్ళున్న ముక్క ఎగిరితే వచ్చేది అటే. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు లేచే సన్నటి పొడి ఊపిరితిత్తులకు చేటు. మాస్కు ఉండాలి. పసిపిల్లలున్న ఇంట్లో అదే గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

అమ్మేవాళ్ళకు మరో లెక్క

సరదాకు చేసేవాళ్ళకు ఇక్కడితో సరి. చేసినవి అమ్మాలనుకుంటే చట్టం ఒకటి అడ్డొస్తుంది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మల అధీకృత తయారీదారులకూ మినహాయింపు ఇచ్చారు. అందుకే మిషను కొనే కళాకారుడి దగ్గర ముందు గుర్తింపు కార్డు ఉండాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో బొంగరాలు చేసి అమ్ముదామనుకునేవారికి ఈ మినహాయింపు వర్తించదు. వాళ్ళు కుంకుమ భరిణెలో, కొవ్వొత్తి స్టాండ్లో చేసుకోవడం సుఖం. అవి ఆటబొమ్మల కిందికి రావు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం, సంప్రదాయ బొమ్మల తయారీ ఉన్నాయి. 2027-28 దాకా నడిచేలా రూపొందించిన ఈ పథకంలో పనిముట్లకు రూ.15,000 ఇస్తారు. పూచీకత్తు లేకుండా తొలి విడత లక్ష, మలి విడత 2 లక్షల వరకు 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. పనిముట్ల డబ్బుతో ఉలులు, సానరాయి కొనుక్కుని, మిషనుకు తొలి విడత అప్పు వాడుకుంటే కుదురుతుంది. అలా కాకుండా ఆ పదిహేను వేలలోనే మిషనూ రావాలని చూసేవాళ్ళు తేలిక రకానికి చిక్కుతారు.

మోసుకెళ్ళే అవసరం నిజంగా ఉన్నది ప్రదర్శనలకు తిరిగే కళాకారులకు. హైదరాబాద్ శిల్పారామంలోనో ఢిల్లీ మేళాలోనో స్టాలు పెట్టినప్పుడు ఊరికే బొమ్మలు పేర్చి కూర్చుంటే జనం ధర అడిగి వెళ్ళిపోతారు. ఎదురుగా కర్ర తిరుగుతూ, లక్క కరిగి ఎర్రగా పాకుతుంటే పిల్లలు కదలరు, పిల్లలు కదలకపోతే పెద్దలూ కదలరు. దానికి 8 అంగుళాల మిషను, చెక్కకు బిగించినది, సరిపోతుంది. స్టాలులో మంచి ప్లగ్గు పాయింటు ఉంటుందో లేదో ముందే అడిగి, ఎర్తింగ్ ఉన్న పొడవాటి తీగ వెంట తీసుకెళ్ళాలి. ప్లగ్గు దొరకదని తెలిస్తే వేరే దారి కూడా ఉంది. రెండు దిమ్మలు, ఒక కుదురు, ఒక తాడు. తాతల నాటి చేతి లేత్‌ను విప్పితే ఒక సంచిలో పడుతుంది. తాడు లాగడానికి మాత్రం రెండో మనిషి కావాలి.